వారసత్వపు వేట తుపాకి: భద్రతా పరీక్ష

తాతల నాటి వేట తుపాకి కాల్చడానికి పనికొస్తుందో లేదో తేల్చే పరిశీలన ఇది. కోనసీమలో ఇలాంటి తుపాకికి తొలి శత్రువు గాలే. అమలాపురం, రాజోలు, కొత్తపేట గోదావరి డెల్టా ఊళ్లు. ఇక్కడి తేమకు సముద్రం దగ్గరపడే కొద్దీ ఉప్పు తోడై, ఇనుమును చప్పుడు లేకుండా తినేస్తుంది. పైకి నిగనిగలాడే గొట్టం లోపల గుంటలు పడి ఉండవచ్చు.

ముందు కాగితాలు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం, లైసెన్సుదారు చనిపోతే తుపాకిని పోలీసు స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో జమచేసి, వారసుడు తన పేర లైసెన్సు తెచ్చుకోవాలి.

పరీక్ష మొదలయ్యేది తూటా లేదని రూఢి చేసుకోవడంతో. తరువాత గొట్టంలో తుప్పు, ఉబ్బు, పగుళ్లు, కీలు దగ్గర వదులు చూస్తారు. అసలు మోసం కొలతల్లో ఉంటుంది. పాత 12 బోర్ తుపాకుల్లో చాలావాటి గది 65 మిల్లీమీటర్ల తూటాకు చేసినది. నేటి 70 మిల్లీమీటర్ల తూటా కూడా అందులో ఇమిడిపోతుంది! పేలాక దాని మూతి విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది. ఇనుప, ఉక్కు పట్టీలు మెలిపెట్టి చేసిన డమాస్కస్ గొట్టాలు నల్ల తుపాకిమందు కాలానివి; పొగలేని మందుకు వాటిని నమ్మకూడదు.

ఇషాపూర్ .315 వంటి రైఫిల్‌లో బోల్టుకూ తూటాకూ మధ్య ఎడాన్ని గేజీతోనే కొలవాలి. ఇది లైసెన్సున్న నిపుణుడి పని. ‘ఒక్కసారి పేల్చి చూద్దాం’ అనేది పరీక్ష కాదు, జూదం.

నిపుణుడు సరేనన్నా వేటకు మాత్రం దారి లేదు: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని నిషేధిస్తోంది.