శేషాచలం మృతులు – రిస్పా కావలి: రేణిగుంట ప్రాంత చరిత్రలో ఒక పరిశీలన

ప్రస్తావన

రేణిగుంట జంక్షన్ చెన్నై, గూడూరు, కడప, తిరుపతి మార్గాలు కలిసే చోటు. యాత్రికులతో పాటు కూలి వెతుక్కునేవారు కూడా తమిళనాడు నుంచి ఈ దారిలోనే వస్తారు. 2015 ఏప్రిల్ 7న ఈ ప్రాంతానికి సమీపంలోని శేషాచలం అడవిలో 20 మంది తమిళ కూలీలు పోలీసు కాల్పుల్లో మరణించారు. వారి కుటుంబాలు న్యాయం కోరిన తీరును 2 సమూయేలు 21వ అధ్యాయం వెలుగులో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

చారిత్రక నేపథ్యం

ఎర్రచందనం సహజంగా పెరిగేది దక్షిణ తూర్పు కనుమలలోనే. దీనికి విదేశాలలో ఉన్న గిరాకీ వల్ల దొంగరవాణా పెరిగింది. లాభం దళారులకు, వ్యాపారులకు చేరితే, గొడ్డలి పట్టి అడవిలో దిగినవారు జవ్వాది కొండలు, ధర్మపురి ప్రాంతాల పేదలు. వారిలో మలయాళి గిరిజనులు అనేకులు.

2013 డిసెంబరులో శేషాచలం అడవిలో ఇద్దరు అటవీ సిబ్బంది దుంగల కూలీల దాడిలో హతులయ్యారు. వందలాది మంది అరెస్టయ్యారు. ప్రభుత్వం ఎర్రచందనం రక్షణకు ప్రత్యేక టాస్క్‌ఫోర్స్‌ను ఏర్పాటు చేసింది. అయితే 2016లో తిరుపతి న్యాయస్థానం ఆ హత్యల కేసులో 280 మందికి పైగా కూలీలను నిర్దోషులుగా విడుదల చేసింది. విధి నిర్వహణలో చనిపోయిన ఆ ఇద్దరి కుటుంబాలకు హంతకులెవరన్న ప్రశ్న ప్రశ్నగానే మిగిలింది.

2015 సంఘటన, కుటుంబాల పోరాటం

కాల్పులు చంద్రగిరి మండల పరిధిలోని అడవిలో రెండు చోట్ల జరిగాయి. అప్పటికి ఇది చిత్తూరు జిల్లా. 2022 నుంచి తిరుపతి జిల్లా. కూలీలు రాళ్లు, గొడ్డళ్లతో దాడి చేయగా ఆత్మరక్షణకై కాల్చామని పోలీసులు చెప్పారు. తమతో ప్రయాణించిన వారిని ముందు రోజే బస్సులో నుంచి దింపి తీసుకుపోయారని బయటపడిన కూలీలు జాతీయ మానవ హక్కుల కమిషన్ ముందు చెప్పారు.

కొన్ని కుటుంబాలు దేహాలను వెంటనే దహనం చేయడానికి ఒప్పుకోలేదు. న్యాయస్థానాన్ని ఆశ్రయించి, ఆరు దేహాలకు తిరువణ్ణామలైలో రెండవసారి శవపరీక్ష జరిగేలా చేశారు. ఒక మృతుని భార్య భాష తెలియని రాష్ట్రానికి వచ్చి చంద్రగిరి పోలీసుస్టేషనులో ఫిర్యాదు చేసింది. ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని నియమించింది. 2015 మే నెలాఖరులో కమిషన్ సి.బి.ఐ. విచారణను, ఒక్కొక్క కుటుంబానికి 5 లక్షల రూపాయల తాత్కాలిక సహాయాన్ని సిఫారసు చేసింది. రాష్ట్ర ప్రభుత్వం హైకోర్టుకు వెళ్లగా ఆ ఉత్తర్వుల అమలు ఆగిపోయింది.

వాక్య పరిశీలన

2 సమూయేలు 21లో దుఃఖించేవారు రెండు వర్గాలు. మొదటివారు గిబియోనీయులు. సౌలు తమవారిని చంపినందుకు వారు న్యాయం అడిగారు. ఆ ఫిర్యాదు నిజమైనదని దేవుడే దావీదుకు తెలిపాడు. రెండవది రిస్పా. పాత రక్తానికి పరిహారంగా సౌలు వంశస్థులు ఏడుగురిని అప్పగించినప్పుడు ఆమె ఇద్దరు కుమారులు చనిపోయారు. ఆమె గోనెపట్ట పరచుకొని, కోతకాలం మొదలుకొని వాన కురిసేవరకు పక్షులను, మృగాలను దేహాల మీదికి రానివ్వలేదు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. దేవుడు దేశం కొరకైన ప్రార్థన అంగీకరించాడన్న మాట ఏడుగురు చనిపోయిన 9వ వచనంలో లేదు. రిస్పా చేసినది విని దావీదు ఎముకలను కూర్చి పాతిపెట్టించిన తరువాత, 14వ వచనంలో ఉంది. ఒక వర్గం దుఃఖానికి జవాబుగా ఇంకొక వర్గానికి దుఃఖం కలిగిస్తే లెక్క తీరదని ఈ క్రమం మనకు బోధిస్తుంది.

రెండు సంగతులూ అన్ని విధాల సమానం కావు. రిస్పా కుమారులను రాజు బహిరంగంగా అప్పగించాడు. శేషాచలంలో ఆత్మరక్షణా కాదా అన్నదే వివాదం. దానిని తేల్చవలసినది సంఘం కాదు, న్యాయస్థానం. కాని దేహాన్ని కాపాడి నిజం తేల్చమని అడిగిన ఆ స్త్రీలలో రిస్పాను గుర్తుపట్టడం సంఘం పని.

సంఘానికి అన్వయం

మొదట, అటవీ సిబ్బంది కుటుంబాలనూ కూలీల కుటుంబాలనూ ఒకే ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోవాలి. ఒకరి కొరకు ఏడ్చి మరొకరిని మరచిన సంఘం సగం అధ్యాయమే చదివినట్లు. రెండవది, "దొంగలు గదా, చస్తే ఏమి?" అన్న మాట మన సంఘాలలో వినబడితే కాపరి దానిని ఊరకే పోనివ్వకూడదు. దుంగ నరికినందుకు చట్టం విధించేది విచారణ, శిక్ష. విచారణ లేని మరణం కాదు. మూడవది, ద్వితీయోపదేశకాండము 21లో పొలంలో శవం దొరికినప్పుడు పెద్దలు దూరం కొలిచి, దగ్గరి ఊరిని బాధ్యతకు పిలిచారు. చచ్చినవాడు ఏ ఊరివాడో, ఎటువంటివాడో ఆ ధర్మశాస్త్రం అడగలేదు.

ముగింపు

శేషాచలం నుంచి దూరం కొలిస్తే తిరుపతి, చంద్రగిరి, రేణిగుంట సంఘాలు దగ్గరివారి లెక్కలోకి వస్తాయి. దావీదు రిస్పాను గూర్చి విన్నది ఎవరో చెప్పినందువల్లనే. చెప్పినవారి పేరు లేఖనంలో లేదు. పేరు లేని ఆ సేవ నేటి కాపరులకు మిగిలి ఉంది.