పూటకూటింటి చరిత్ర

క్రీడాభిరామ కర్త వినుకొండ వల్లభరాయుడా, శ్రీనాథుడా అన్న వివాదాన్ని పండితులకు విడిచి, శృంగార ఘట్టాలు మినహాయించి, ఆ వీథినాటకాన్ని నా విద్యార్థులచేత ఆడించాను. వారు తరగతి నేలపై సుద్దముక్కతో ఓరుగల్లు వీథులు గీశారు. మంచనశర్మ, టిట్టిభసెట్టి వేషధారులు కోడిపందెం చూసి, పూటకూటింట రూక చెల్లించి భుజించారు. అందరూ నవ్వారు.

"1323లోనే కాకతీయుల ఓరుగల్లు పడిపోయింది కదా మాస్టారూ, తరువాతి కవికి ఈ సందడి ఎలా తెలుసు?" అని ఒక బాలిక అడిగింది. ప్రతాపరుద్రుని కాలపువాడని పండితులు చెప్పే రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామమే దీనికి మూలమని చెప్పాను.

మిత్రులారా, శాసనాలు ప్రధానంగా దాతల పుణ్యాన్ని లెక్కిస్తాయి. పూటభోజనం వెలను గుర్తుంచుకున్నది ఈ పరిహాసమే. కోట శిథిలాలలో వినిపించని జనఘోష ఇందులో ఉన్నది. పిల్లలకు దీనిని సారాంశంగా కాక, ఆటగా అందించాలని నా మనవి.