ముసర నుంచి ఆక్సోలాటల్ దాకా

ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల 2008లో వచ్చింది. అంతకు చాలా ముందు నుంచీ జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో పశువులకు ముసర (రిండర్‌పెస్ట్), గాలికుంటు సోకితే వాతలు, పసరు మందులు, గ్రామదేవత మొక్కులే దిక్కు. వాటి మధ్య నిజంగా పనికొచ్చింది, నా లెక్కన, రోగిష్టి పశువును మంద నుంచి వేరుచేయడమే. టీకా మాటేమిటంటారా? 2011లో ప్రపంచానికి ముసర పీడ వదిలింది టీకా చలవతోనే. కానీ అది రోగాన్ని రాకుండా ఆపింది, వచ్చాక నయం చేయలేదు.

1864లో మెక్సికో నుంచి పారిస్ చేరి, ఇప్పుడు ఇళ్ల గాజుతొట్లకెక్కిన సాలమాండర్, ఆక్సోలాటల్‌దీ వేరుచేసే అదే దారి. అది మేత మానితే మందుకన్నా ముందు వేరే తొట్టి, క్లోరిన్ లేని చల్లటి నీళ్లు, రోజూ వాటి మార్పిడి. గొర్రెలు, బర్రెల సీమలో ఈ విలాసమెందుకంటే, నోరులేని రోగిని కనిపెట్టే నేర్పు ఆ మందల దగ్గర అబ్బిందే. 16–18 డిగ్రీల నీళ్ల జీవిని 40 దాటే ఎండల్లో పెంచడమే తప్పన్న ఆక్షేపణకు మాత్రం నా దగ్గర గట్టి జవాబు లేదు.