వాన్షియన్: పలకగానే మరిచే మంత్రం

‘వాన్షియన్’ అనే మాట రచయిత జాక్ వాన్స్ పేరు మీద పుట్టింది. ఆయన ‘ది డయింగ్ ఎర్త్’ (1950)లో మాంత్రికుడు కంఠస్థం చేసిన మంత్రం, ఒక్కసారి పలకగానే బుర్రలోంచి చెరిగిపోతుంది. 1974 నాటి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటలో గ్యారీ గైగాక్స్ ఈ ఊహనే లెక్కగా మలిచాడు: రోజుకు ఇన్నే మంత్రాలు. నిద్రమంత్రం పొద్దున్నే వాడేస్తే, రాత్రి గుహలో మాంత్రికుడికి మిగిలేది బాకే. అంకె వెనక కథ ఉంది కాబట్టే ఆ హద్దు మనసుకు పడుతుంది.

నేర్చిన మంత్రం మరిచిపోవడమేమిటి, మంత్రశక్తికి పాయింట్లు పెడితే పోదా అంటారు కొందరు. లెక్క తేలికవుతుంది, నిజమే. కానీ ఏ మంత్రం దాచుకోవాలన్న గుబులు పోతుంది. ఇంద్రుడిచ్చిన శక్తిని ఘటోత్కచుడిపై ప్రయోగించేసిన కర్ణుడి గుబులే అది. దీనికి భిన్నంగా, ఆ ఆట 2008 నాటి నాలుగో కూర్పు కత్తివీరుడి దెబ్బలకూ ‘రోజుకొక్కసారి’ హద్దు పెట్టింది. కత్తి చేతిలోనే ఉంది, దెబ్బ తెలిసిందే. మళ్లీ ఎందుకు కొట్టలేడో చెప్పే గట్టి కథే లేదు.