రాతిలో జారే గాలి

రాజమండ్రిలో ఓ కోర్ ల్యాబ్. బయట ఎండ మాడుస్తున్నా లోపల ఏసీ చలికి చేతులు ముడుచుకుని నిలబడ్డారు మీరు. బల్ల మీద ఒకటిన్నర అంగుళాల వ్యాసమున్న బూడిదరంగు ప్లగ్ ఉంది. మండపేట పొలాల కింద, కిలోమీటర్ల లోతునుంచి తీసిన ఇసుకరాయి.

టెక్నీషియన్ దాన్ని రబ్బరు తొడుగులో బిగించి, చుట్టూ ఒత్తిడి ఎక్కించి, నైట్రోజన్ సిలిండర్ తిప్పాడు.

"నీళ్లు పంపకూడదా?" అనడిగారు మీరు.

"బంకమన్ను ఉబ్బి దారులు మూసుకుపోతాయండీ," అంది ల్యాబ్ మేడమ్, తెర మీంచి చూపు తిప్పకుండానే.

సగటు పీడనం 1.5 అట్మాస్ఫియర్లు: పెర్మియబిలిటీ, అంటే రాయి వాయువును తనగుండా పోనిచ్చే గుణం, 0.227 మిల్లీడార్సీలు. పీడనం 2కి పెంచితే 0.195. 3 దగ్గర 0.163. 5 దగ్గర 0.138. రాయి అదే, గ్యాసూ అదే. అంకె మాత్రం దిగిపోతోంది!

ద్రవమైతే రంధ్రపు గోడను అంటుకుని ఆగిపోతుంది. పలచటి వాయువు ఆగదు. వాతావరణ పీడనంలో నైట్రోజన్ అణువు మరో అణువును ఢీకొనేలోగా సగటున 66 నానోమీటర్లు పోతుంది. ఈ రాతి సందులూ దాదాపు ఆ కొలతలోనే ఉంటే అణువులు ఒకదాన్నొకటి కాక గోడనే ఎక్కువగా గుద్దుకుంటూ, దాని వెంటే జారిపోతాయి. రాయిని ఉన్నదానికంటే ఉదారంగా చూపిస్తాయి. పీడనం పెరిగితే ఆ దూరం తగ్గి, జారుడూ తగ్గుతుంది. బీదరాయికే ఈ పొగడ్త ఎక్కువ: 100 మిల్లీడార్సీల రాయిలో తేడా పది శాతం దాటడం అరుదు, ఇక్కడ కొలత అసలు విలువకు రెట్టింపు పైనే.

మేడమ్ అడ్డగీతలో పీడనపు విలోమం, నిలువుగీతలో పెర్మియబిలిటీ పెట్టింది. నాలుగు చుక్కలూ ఒకే వరసలో పడ్డాయి. గీతను విలోమం సున్నా అయ్యేదాకా, అంటే పీడనం అనంతమయ్యేదాకా లాగింది: 0.10.

హీలియంతో మళ్లీ కొలిచారు. గీత మూడింతలు నిటారుగా లేచినా నిలువుగీతను తాకింది 0.10 దగ్గరే. 1941లో పరిశోధకుడు క్లింకెన్‌బర్గ్ చూపించింది ఇదే: వాయువును బట్టి వాలు మారుతుంది, తాకే చోటు మారదు. ఒక్క పీడనంలోనే కొలిచి, పాత సూత్రంతో సవరణ తగిలించేవాళ్లూ ఉన్నారు. గట్టి రాళ్ల విషయంలో నాకు అది నచ్చదు.

ఫోన్ మోగింది. రిజర్వాయర్ సిమ్యులేషన్ విభాగం.

"0.23 వేసుకోమంటారా మేడమ్?"

"వద్దు సార్. కింద మూడొందల అట్మాస్ఫియర్లుంటే జారుడు ఒక్క శాతం కూడా ఉండదు. 0.10 వేసుకోండి. పైరాళ్ల బరువుకి ఇంకా తగ్గుతుంది. ఆ కొలత రేపు పంపిస్తాను."