లాడ్జి రిజిస్టర్‌లో పేరు

మొగుడంపల్లి, జహీరాబాద్ దిక్కు నుంచి పరీక్షకో ఇంటర్వ్యూకో హైదరాబాద్ పోయే పిల్లలు ముందు అడిగేది సిలబస్ గురించి కాదు. "సార్, రాత్రికి ఏడ ఉండాలె?" నాంపల్లి స్టేషన్ చుట్టుపక్కల చూసుకోమంటాను. లింగంపల్లిలో బస్సు దిగి ఎంఎంటీఎస్ ఎక్కితే నేరుగా అక్కడికే. టీజీపీఎస్సీ ఆఫీసు, అసెంబ్లీ నడిచిపోయేంత దూరం. గది ఇరుకే, దుప్పటి పలచనే. కానీ పొద్దున్నే ఆటోకు డబ్బులు వెతుక్కునే పని ఉండదు.

మంచి చోట చవక గది. ఇంత మామూలు సౌకర్యానికీ ఒక చరిత్ర ఉంది మిత్రులారా. అది తెలియాలంటే కౌంటర్ మీది రిజిస్టర్ తెరవాలి.

1917. అమెరికా, లండన్ చదువుల తర్వాత అంబేద్కర్ బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చారు. ఆయన చదువుకు డబ్బిచ్చింది ఆ సంస్థానమే. కానీ ఎక్కడ దిగాలి? హిందూ హోటళ్లు రానివ్వవు. అమెరికాలో పరిచయమైన స్నేహితులు ఊళ్లో ఉన్నారు, వాళ్లింటికి పోతే మొహం చాటేస్తారేమోనని బిడియం. చివరికి పార్సీ సత్రానికి పోయారు. అది పార్సీలకే. రాక రాక వచ్చిన బాడుగ పోగొట్టుకోవడం ఇష్టంలేని కాపలాదారు, రిజిస్టర్‌లో పార్సీ పేరు రాసుకుందామన్నాడు. భోజనం, బస కలిపి రోజుకు రూపాయిన్నర. కొలంబియాలో చదివిన మనిషి తనది కాని పేరుతో మేడెక్కారు. చిన్న గది, పక్కనే చెత్తాచెదారం నిండిన హాలు, రాత్రికి ఒక హరికేన్ లాంతరు, తోడుకు పుస్తకాలు.

11వ రోజు పొద్దున కర్రలు పట్టుకుని పార్సీలు మెట్లెక్కి వచ్చారు. సాయంత్రానికల్లా ఖాళీ చేయాలన్నారు. ఒక హిందూ మిత్రుడిని అడిగితే, నువ్వొస్తే మా పనివాళ్లు వెళ్లిపోతారన్నాడు. క్రైస్తవ మిత్రుడు భార్యను అడగాలన్నాడు. బాబాసాహెబ్ కామాఠీ బాగ్‌లో కూర్చుని, రాత్రి రైలుకు బొంబాయి పోయారు. ఇదంతా ఆయనే 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసుకున్నారు. ఒక పూటలో అయిపోయే పుస్తకం. చదవనివాళ్లు ముందు అది చదవండి, నా పోస్టు తర్వాత.

ఎక్కడో గుజరాత్ సంగతి కదా అనుకోవద్దు. 1934లో సుమారు 30 మందితో దౌలతాబాద్ కోట చూడబోయి, వాకిట్లోని తొట్టి నీళ్లతో కాళ్లూ ముఖం కడుక్కున్నందుకు ఆయన తిట్లు తిన్నారు. దౌలతాబాద్ నిజాం రాజ్యం. మా జహీరాబాద్ కూడా అదే రాజ్యం, 1956 దాకా బీదర్ జిల్లా. ఇక సత్రాలంటారా, శ్రీశైలంలో ఇప్పటికీ బోర్డుల మీద కులాల పేర్లే. సాహిత్యం చెప్పుకుని బతికేవాణ్ని గనుక ఒక మాట: జాషువా 'గబ్బిలం'లో శివుడి దగ్గరికి పోయేది గబ్బిలం, మనిషి కాదు. దారిలో దాన్ని ఎవరూ పేరు అడగరు.

అందుకే రాజ్యాంగం 15(2)లో హోటళ్లు అన్న మాట విడిగా ఉంది. 1948 నవంబర్ 29న దాని మీద చర్చలో, దుకాణం అంటే డబ్బు తీసుకుని సేవ చేసే ఎవరైనా అని అంబేద్కర్ వివరించారు. తర్వాత 1955 చట్టం, ఇప్పుడు పౌర హక్కుల పరిరక్షణ చట్టం అంటున్నదే, ఇంకా కిందికి దిగింది. హోటల్, ధర్మశాల, సరాయి, ముసాఫిర్‌ఖానాలలో అందరికోసం పెట్టిన గిన్నెలు వాడుకోవడం కూడా అందులో రాశారు. ఆ మాట రాసినవాళ్లకు చెంబు సంగతి బాగా తెలుసు.

అమెరికాలో ఇది తేలింది 1964లో. అట్లాంటా నగరం నడిబొడ్డుకు దగ్గర, హైవేలకు అందుబాటులో ఉన్న 216 గదుల హార్ట్ ఆఫ్ అట్లాంటా మోటెల్ యజమాని, నల్లవాళ్లకు గదులివ్వనని కోర్టుకెక్కాడు. డిసెంబర్ 14న సుప్రీంకోర్టులో ఓడిపోయాడు.

ఇవాళ స్టేషన్ పక్క లాడ్జిలో అడిగేది ఆధార్, అడ్వాన్సు. అయినా కార్డు చాపేటప్పుడు ఇంటిపేరు మీద వేలు అడ్డం పెట్టే తమ్ముళ్లను చూశాను. వాళ్లకు ఆ అలవాటు నేర్పింది లాడ్జి కాదు, టు-లెట్ బోర్డు. "మీరేమిట్లు?" అన్న ప్రశ్న ఇప్పుడు అక్కడ కాపురముంది. ఏ వాడలోనైనా ఇంట్లో ఉండే హక్కును అంటరానితనం పేరుతో అడ్డుకోవడం కూడా అదే చట్టం 4వ సెక్షన్ కింద నేరమే, నెల నుంచి ఆరు నెలల జైలు. అద్దె గదుల సంగతి వచ్చే భాగంలో.

జై భీమ్.