మూడు పెన్నీల జరిమానా

కార్మికుల సమ్మెలను గురించి చరిత్ర వ్రాసేవారు సాధారణంగా రెండు దారులలో ఏదో ఒకటి పడతారు. యజమానుల పక్షం వహించేవారు, బుద్ధిగా పనిచేసుకుంటున్నవాళ్లను ఎవరో బయటివాళ్లు వచ్చి రెచ్చగొట్టారంటారు. మన పక్షంవారిలో కొందరు ఆర్థిక సంక్షోభాన్ని, లాభాల రేటును, ధరల పట్టికలను చూపించి, సమ్మె రాక తప్పదు గనక వచ్చిందని తేల్చేస్తారు. మొదటిది అబద్ధం. రెండవది అబద్ధం కాదు గాని, చాలని నిజం. సంక్షోభం ఏళ్ల తరబడి ఉంటుంది. కూలి ఏళ్ల తరబడి చాలకుండానే ఉంటుంది. సమ్మె మాత్రం ఒకానొక రోజున, ఒకానొక గంటకు వస్తుంది. నిన్నటిదాకా ఓర్చుకున్న మనిషి ఇవాళ ఎందుకు ఓర్చుకోలేకపోయాడు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పని చరిత్రలో ఉత్పత్తి శక్తులు ఉంటాయి గాని మనుషులు ఉండరు.

ఈ ప్రశ్నను పరిశీలించడానికి నేను 1888 జులైలో లండన్ నగరంలో జరిగిన ఒక సమ్మెను తీసుకుంటున్నాను. ఆ నగరం తూర్పు భాగాన, బో అనే పేటలో, బ్రయంట్ అండ్ మే కంపెనీవారి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఉండేది. అందులో పనిచేసేవారిలో అత్యధికులు స్త్రీలు, చిన్నవయసు ఆడపిల్లలు. ఆ ఏడాది జులై మొదటి వారంలో సుమారు 1400 మంది పని మానేసి బయటికి వచ్చారు. వారి దినచర్య వివరాలు మనకు తెలియడానికి ముఖ్య కారణం అనీబిసెంట్. మదనపల్లెలో 1915లో కళాశాల స్థాపించిన మనిషిగా, హోంరూలు ఉద్యమ నాయకురాలిగా, 1917లో కాంగ్రెసు అధ్యక్షురాలిగా ఆమె తెలుగువారికి తెలుసు. అయితే 1888 నాటి బిసెంట్ దివ్యజ్ఞాన సమాజంలో ఇంకా చేరలేదు. అప్పటికి ఆమె నాస్తికురాలు, సోషలిస్టు. ఆ ఫ్యాక్టరీ ఆడపిల్లలను స్వయంగా కలుసుకుని, వారి మాటలు విని, జూన్ 23న తన 'లింక్' పత్రికలో ఒక వ్యాసం ప్రచురించింది. ఆ వ్యాసంలోని లెక్కలను కాస్త ఓపికగా చూడవలసిందిగా పాఠకులను కోరుతున్నాను. విషయమంతా ఆ లెక్కల్లోనే ఉంది.

వేసవిలో పని ఉదయం ఆరున్నరకు మొదలయ్యేది. సాయంత్రం ఆరింటికి ముగిసేది. మధ్యలో ఉదయపు తిండికి అరగంట, మధ్యాహ్నం భోజనానికి గంట. రోజంతా నిలబడే పనిచెయ్యాలి. వ్యాసంలో ప్రస్తావించిన ఒక పదహారేళ్ల పిల్లకు వారానికి వచ్చేది 4 షిల్లింగులు. అందులో 2 షిల్లింగులు గది అద్దెకే పోయేవి. షిల్లింగుకు 12 పెన్నీలు గనక ఆమె వారం సంపాదన 48 పెన్నీలు, అంటే రోజుకు 8 పెన్నీలు.

ఇక జరిమానాలు. కాళ్లు మురికిగా ఉంటే 3 పెన్నీలు. బల్లకింద నేల శుభ్రంగా లేకపోతే 3 పెన్నీలు. కొత్త చట్రం తెచ్చుకోవడానికి వెళుతూ బల్లమీద నాలుగైదు పుల్లలు వదిలితే 3 పెన్నీలు. కొన్ని విభాగాలలో పక్కమనిషితో మాట్లాడితే 3 పెన్నీలు. పనిలో అంటుకున్న పుల్లలను బల్లమీద పెట్టినందుకు ఏకంగా ఒక షిల్లింగు పోగొట్టుకున్నవారున్నారు. ఆలస్యంగా వచ్చినవాళ్లను పూటంతా గేటు బయటే ఉంచి, ఆనాటి 8 పెన్నీల్లో 5 కోసేసేవారు. ఒక పిల్ల యంత్రంలో వేళ్లు పడకుండా కాపాడుకోబోతే సరుకు యంత్రానికి చుట్టుకుంది. ఆమెకు షిల్లింగు జరిమానా వేసి, వేళ్ల సంగతి వదిలి యంత్రం సంగతి చూసుకోమన్నారు. ఆ హితవు పాటించిన మరొక పిల్లకు వేలు పోయింది. నయమయ్యేవరకు ఆమె గతి ఏమిటని అడిగినవాళ్లు లేరు.

మూడు పెన్నీలంటే ఎంత? మన పాత లెక్కలో చెప్పుకుంటే సులువుగా అర్థమవుతుంది. వారానికి 48 పెన్నీలు సంపాదించే మనిషికి 3 పెన్నీల జరిమానా అంటే రూపాయికి అణా. అంత కోత ఒక్కసారి నోరు విప్పి మాట్లాడినందుకు! ఆ ఏళ్లలో కంపెనీ వాటాదార్లకు నూటికి 20 పైన లాభం పంచుతూ ఉండేది. ఆ వాటాదార్లలో చర్చి మతాధికారులు కూడా ఉన్నారని బిసెంట్ ఎత్తిచూపింది.

ఇక్కడ ఆగి ఆలోచించవలసిన సంగతి ఒకటుంది. కంపెనీ లాభాల ముందు ఈ జరిమానాల మొత్తం ఏపాటిది? అటువంటప్పుడు కంపెనీ వాటిని ఎందుకు వదులుకోలేదు? నా అభిప్రాయంలో జరిమానా ప్రధానంగా డబ్బు వసూలు చేసే సాధనం కాదు, మనిషిని లొంగదీసే సాధనం. తక్కువ కూలికి ఒక ముఖం ఉండదు. అడిగితే బజారు ధర అంటారు, పోటీ అంటారు. వానలు రాకపోవడం వంటిదే అది కూడా అని మనిషి సరిపెట్టుకుంటాడు. జరిమానాకు ముఖం ఉంటుంది. దాన్ని వేసే ఫోర్‌మన్‌కు పేరుంది, గొంతుంది. ఆకలితో ఉన్న మనిషిని అది నేరస్థుణ్ణి కూడా చేస్తుంది. "నీకు చాలినంత ఇవ్వం" అనడం ఒకటి, "నీకు ఇచ్చిందానికి కూడా నువ్వు తగవు" అనడం మరొకటి. మొదటి మాటను మనిషి ఏళ్ల తరబడి భరిస్తాడు. రెండో మాటను పైకి భరిస్తూనే లోపల జమ కట్టుకుంటాడు. ఫ్యాక్టరీ జరిమానాలను మార్క్స్ 1867లోనే 'కాపిటల్' మొదటి సంపుటంలో చర్చకు తెచ్చాడు. అది చిల్లర విషయమని ఆయన అనుకోలేదు.

ఆ జమ ఎన్నాళ్లు నిలుస్తుందో చూడండి. 1882లో బో చర్చి ఎదుట ఉదారవాద ప్రధాని గ్లాడ్‌స్టన్ విగ్రహం వెలిసింది. కంపెనీ యజమానులలో ఒకడైన థియొడోర్ బ్రయంట్ తన భక్తికొద్దీ దాన్ని నిలబెట్టించాడు. అందుకోసం కార్మికుల కూలిలోంచి తలా ఒక షిల్లింగు కోశారని, ఆవిష్కరణ రోజున ఫ్యాక్టరీ పూట మూసి ఆ పూట కూలి కూడా ఇవ్వలేదని బిసెంట్ వ్రాసింది. 4 షిల్లింగుల మనిషికి అది పావు వంతు కూలి. కొందరు ఆడవాళ్లు విగ్రహం దగ్గరకు చేరి, చేతులు గాయపరచుకుని ఆ రాతిమీద తమ రక్తం కార్చారని కూడా ఆమె వ్రాసింది. ఆ సంగతి ఆమెకు తెలిసింది ఆరేళ్ల తర్వాత. అంటే ఆరేళ్లపాటు ఒక షిల్లింగును ఎవరూ మరచిపోలేదన్నమాట. యజమాని పద్దులో అది ఎప్పుడో మూసేసిన ఖాతా. కార్మికుల పద్దులో అది ఇంకా నడుస్తూనే ఉంది.

పత్రికలో వ్యాసం రాగానే కంపెనీవారు దాన్ని అబద్ధమని రుజువు చెయ్యడానికి ఒక ఉపాయం పన్నారు. తాము సుఖంగా ఉన్నామనీ, పత్రికలో వచ్చినదంతా అసత్యమనీ ఒక కాగితం వ్రాసి కార్మికుల చేత సంతకాలు పెట్టించబోయారు. వాళ్లు పెట్టలేదు. ఆ తరువాత ఒక అమ్మాయిని ఏదో సాకు చెప్పి పనిలోంచి తీసేశారు. దానితో మిగతావారు బయటికి నడిచారు.

ఇన్నాళ్లూ జరిమానా కట్టిన చేతులే ఆ కాగితంమీద సంతకం చెయ్యడానికి ఎందుకు ఒప్పుకోలేదు? జరిమానా వాళ్ల డబ్బు తీసుకుంది. ఆ కాగితం వాళ్ల అనుభవాన్నే తీసుకోబోయింది. పడ్డ బాధను పడలేదని వాళ్ల చేతనే అనిపించబోయింది. తెగిపోయే చోటు అది. తెంచినది ఆనాటి ఘటనే కావచ్చు గాని, బరువంతా అంతకుముందు ఏళ్లదే. యజమాని ఎప్పుడూ కడపటి ఘటనను మాత్రమే చూసి, ఇంత చిన్నదానికి ఇంత గొడవా అని నిజంగానే ఆశ్చర్యపోతాడు. గడ్డివాము కాలిన తరువాత అగ్గిపుల్ల ఎంత చిన్నదో కొలవడం వంటిది ఆ ఆశ్చర్యం.

ఈ సమ్మెను బిసెంట్ చేయించిందని పాత పుస్తకాలు అనేకం చెబుతాయి. కంపెనీవారు కూడా ఆ మాటే అన్నారు. కాని ఆమె తన వ్యాసంలో కోరింది సమ్మెను కాదు. ఆ కంపెనీ అగ్గిపెట్టెలు కొనవద్దని మధ్యతరగతివారిని కోరింది. సమ్మె నిర్ణయం ఫ్యాక్టరీ లోపల, ఆడవాళ్ల మధ్యనే జరిగింది. లూయీస్ రా అనే చరిత్రకారిణి 2009లో ప్రచురించిన తన గ్రంథంలో ఈ సంగతిని విపులంగా నిరూపించింది. ఆ ఫ్యాక్టరీలో 1880 దశాబ్దంలోనే అంతకుముందు కొన్ని సమ్మెలు జరిగి విఫలమైనాయి. ఇంకా వెనక్కు వెళితే 1871లో అగ్గిపెట్టెలమీద పన్ను వెయ్యబోయినప్పుడు లండన్ అగ్గిపెట్టెల పనివాళ్లు పార్లమెంటు మీదికి ఊరేగింపుగా వెళ్లారు. ప్రభుత్వం పన్ను ఉపసంహరించుకుంది. ఓటములూ ఒక గెలుపూ జ్ఞాపకమున్న జనం వాళ్లు. దీనివల్ల బిసెంట్ గొప్పతనం తగ్గిపోదు. ఆమె చేసిన పని రెచ్చగొట్టడం కాదు, వినడం. విన్నది విన్నట్టుగా లెక్కలతో సహా అచ్చువెయ్యడం. సమ్మె మొదలైన తరువాత నిధులు వసూలు చేసింది, సమ్మెదార్లను పార్లమెంటు సభ్యుల దగ్గరకు తీసుకువెళ్లింది. మేధావి చెయ్యగల సహాయం ఏమిటో, ఎక్కడ ఆగాలో ఈ ఘట్టం చక్కగా చూపిస్తుంది.

జులై 17 నాటికి రాజీ కుదిరింది. ఆ షరతులు చదివితే వాళ్ల గుండెల్లో ఏముందో తెలుస్తుంది. జరిమానాలన్నీ రద్దు. రంగుకూ, కుంచెలకూ కూలిలోంచి కోసే కోతలు రద్దు. ఫిర్యాదు ఉంటే ఫోర్‌మన్‌తో నిమిత్తం లేకుండా నేరుగా డైరెక్టరుకు చెప్పుకునే హక్కు. తిండి తినడానికి వేరే గది. సమ్మెదార్లందరికీ తిరిగి పని. ఒక సంఘం.

తిండి తినే గది కోరికను చూసి ఎవరైనా నవ్వవచ్చు. అగ్గిపుల్లల మందులో తెల్ల భాస్వరం ఉండేది. పనిచేసే చోటనే తింటే అది తిండిలో కలిసేది. దానివల్ల దవడ ఎముక కుళ్లిపోయే భయంకరమైన జబ్బు వచ్చేది. మనకు చిల్లరగా కనిపించే కోరిక వెనక చావుబతుకుల సమస్య ఉండవచ్చునని దీన్నిబట్టి గ్రహించాలి. అయితే సమ్మె ఆ విషాన్ని తొలగించలేకపోయిందన్నది కూడా చెప్పాలి. జబ్బుపడినవారి సంగతి దాచిపెట్టినందుకు 1898లో ఆ కంపెనీకే కోర్టు జరిమానా వేసింది. మొత్తం పాతిక పౌన్లు చిల్లర! 1901లో కంపెనీ తెల్ల భాస్వరం వాడకం మానుకున్నది. 1908లో చేసిన చట్టంతో అది బ్రిటన్‌లో నిషిద్ధమైంది. చిన్న కోరికలు గెలిచినంత మాత్రాన పెద్ద సమస్యలు వాటంతటవే తీరవు. కాని చిన్నవాటి కోసం పోరాడి గెలవని వాళ్లు పెద్దవాటి జోలికి పోగలరని నేను నమ్మను. మరుసటి సంవత్సరమే, 1889లో, లండన్ గ్యాసు కార్మికులు సంఘం పెట్టుకుని ఎనిమిది గంటల పనిదినం సాధించారు. ఆగస్టులో గంటకు 6 పెన్నీల కూలి కోసం ఓడరేవు కార్మికులు లేచారు. ఆ ఓడరేవు ఇళ్లకూ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఆడపిల్లల ఇళ్లకూ చుట్టరికాలున్నాయి.

ఇదంతా ఎక్కడో ఇంగ్లండు ముచ్చట అనుకోవద్దు. 1918 ఏప్రిల్ 27న, అప్పటికి ఆంధ్రులకూ రాజధాని అయిన మద్రాసులో, పెరంబూరు బట్టల మిల్లుల కార్మికులు మద్రాస్ లేబర్ యూనియన్ స్థాపించుకున్నారు. మన దేశంలో క్రమబద్ధంగా నడిచిన కార్మిక సంఘాలలో దాన్ని మొదటిదిగా లెక్కిస్తారు. దానికి అధ్యక్షుడు బి. పి. వాడియా, అనీబిసెంట్ అనుచరుడు. ఆ కార్మికులు మొట్టమొదట చెప్పుకున్న బాధలలో ఒకటి మధ్యాహ్నం అన్నం తినడానికి ఇచ్చే వ్యవధి చాలదన్నది. ముప్పై ఏళ్ల తేడాతో, ఒక సముద్రం అవతల ఒకరు, ఇవతల ఒకరు, మెతుకు నోట్లో పెట్టుకునే సమయం దగ్గరే తెగించారు.

మన దేశంలో జరిమానాలకు హద్దు విధించింది 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం. రూపాయికి అర్ధణా మించరాదంది. పదిహేనేళ్ల లోపు పిల్లలకు వెయ్యరాదంది. వసూలైన డబ్బు కార్మికుల మేలుకే వాడాలంది. 2019 నాటి వేతనాల కోడ్ కూడా నూటికి 3 మించరాదన్నది. అంటే హద్దు ఉంది గాని జరిమానా పోలేదు. పైగా ఇవాళ ఇంటింటికీ సరుకులు, భోజనాలు చేరవేసే కుర్రవాడి విషయంలో యజమాని తనను యజమాని అనుకోడు, కోతను జరిమానా అనుకోడు. ఆలస్యమైతే బోనసు పోతుంది. కొనేవాడికి కోపం వస్తే నక్షత్రాలు తగ్గుతాయి. ఫోన్‌లో ఖాతా మూతపడుతుంది. చెప్పుకుందామంటే ఫోర్‌మన్ కూడా లేడు. జరిమానాకు ముఖం ఉంటుందని పైన అన్నాను. ఆ ముఖాన్ని దాచడం నేర్చుకోవడమే ఈ కాలపు పెట్టుబడిదారు సాధించిన అభివృద్ధి.

అందుచేత చరిత్ర చదివే విద్యార్థులకు, చెప్పే ఉపాధ్యాయులకు నా మనవి ఒకటుంది. ఏ సమ్మెను గురించి వ్రాసినా కోరికల పత్రంలోని మొదటి కోరికతో ఆగిపోకండి. కింద, చివరి వరుసల్లో ఉండే చిన్న కోరికలు చదవండి: మరుగుదొడ్డి, మంచినీళ్లు, కూర్చునే బల్ల, మేస్త్రీ నోటి దురుసు. వాటిని చిల్లర అని కొట్టిపారేసిన సంఘ నాయకులు అసలు సమ్మె వచ్చిన రోజున వెనకబడిపోతారు. కార్మికుడి ఓర్పు ఎంతవరకో ఎవరూ ముందుగా చెప్పలేరు. ఆ ఓర్పును దినదినం ఎవరు, ఎంతెంత, ఏ పేరున ఖర్చు పెడుతున్నారో మాత్రం వ్రాసి ఉంచవచ్చు. ఆ పని మనం చెయ్యాలి.